చిగుళ్ల నెత్తురు – దేహారోగ్యము

ఉదయమున పండ్లు తోముకొనునప్పుడు ఉమ్మిలో ఎఱ్ఱని చార కనబడుట మన పల్లెలలో ఎవరికిని క్రొత్త సంగతి కాదు. పుల్ల గీచుకొన్నదనుకొని, నాలుగు మారులు పుక్కిలించి ఉమ్మి, పనిలోనికి పోవుదుము. అదే నెత్తురు దగ్గుతో పడినచో ఆనాడే ఆసుపత్రికి పరుగెత్తుదుము. మూత్రములో కనబడినచో ఇల్లంతయు బెంగపడును. చిగుళ్ల నెత్తురునకు మాత్రము ఆపాటి మర్యాద లేదు. నొప్పి లేదు గనుక జబ్బు కాదనియు, పండ్లు కదలుట వయసుతో వచ్చునదే యనియు మనకొక నమ్మకము. ఈ రెండును పొరపాట్లే. ఆరోగ్యముగానున్న చిగురు పుల్ల తగిలినంతమాత్రమున నెత్తురు కార్చదు. ముసలితనము స్వయముగా పన్నును ఊడదీయదు. ఏండ్ల తరబడి పట్టించుకొనక విడిచిన జబ్బు ఊడదీయును.

ఈ జబ్బు నోటితో ఆగునదియా, లేక దేహమునంతను బాధించునదియా యను ప్రశ్నను గుఱించి వైద్యులు చాలకాలముగా పరిశోధనలు చేయుచున్నారు. అందులో రూఢిగా తేలినదేమి, ఇంకను తేలనిదేమి, దానివలన పల్లెటూరి కుటుంబమునకు కలుగు ఉపయోగమేమి యనునది ఇచ్చట తెలుపుచున్నాము.

పన్ను దవడయెముకలో మేకు దిగగొట్టినట్లు బిగిసియుండదు. వేరునకును ఎముకకును నడుమ సన్నని నారపోగులు వేలకొలదిగా నుండి, త్రాళ్లు ఉయ్యాలను పట్టియుంచినట్లు పంటిని పట్టియుంచును. అందుచేతనే గట్టి సెనగగింజను కొఱికినప్పుడు పన్ను ఇంచుక ఒదిగి, ఆ దెబ్బ ఎముకకు తగులనీయదు. పైని చిగురు మెడకు పట్టెడ పెట్టినట్లు పంటిని చుట్టియుండును. చిగురునకును పంటికిని మధ్య రెండు మూడు మిల్లీమీటర్లకు మించని చిన్న సందు సహజముగానే యుండును. జబ్బు మొదలగునది ఆ సందులోనే.

రాత్రి నిద్రించి లేచునప్పటికి పండ్లపై జిగటగా నుండు పొరను పాచి యందుము. అది కేవలము అన్నపు మెతుకుల మురికి కాదు. 1683లో హాలండు దేశమందలి డెల్ఫ్ట్ పట్టణమునకు చెందిన బట్టల వర్తకుడు ఆంటనీ వాన్ లీవెన్‌హుక్ తాను స్వయముగా అరగదీసి చేసికొన్న అద్దము క్రింద తన పంటిపాచిని ఉంచి చూచెను. అందులో లెక్కకు మిక్కిలియైన సూక్ష్మజీవులు కదలాడుట చూచి ఆశ్చర్యపడి లండనులోని రాయల్ సొసైటీకి జాబు వ్రాసెను. ఆ జీవులు నేటికిని మనందఱి నోళ్లలోను ఉన్నవి. నాడునాటికి తోమివేసినచో వానివలన పెద్ద బాధ లేదు. విడిచిపెట్టినచో ఉమ్మినీటిలోని సున్నపుధాతువులు పాచిలో చేరి, కొలది దినములలోనే అది గట్టిపడును. ఉప్పునీటి బావి గల ఊళ్లలో బిందె అడుగున తెల్లని పెచ్చు కట్టుట చూచియున్నారు గదా. పంటికి పట్టు గారయు అట్టిదే. గార కట్టిన పిదప వేపపుల్లకుగాని, బ్రష్షుకుగాని అది లొంగదు. పైగా దాని గరుకుతనమువలన క్రొత్త పాచి మఱింత సులభముగా పట్టును.

పాచియే చిగుళ్ల వాపునకు మూలమని 1965లో డెన్మార్కు దేశమున హారాల్డ్ లో అను దంతవైద్యుడు తేటతెల్లము చేసెను. ఆరోగ్యవంతులగు 12 మందిని పండ్లు తోముకొనుట పూర్తిగా మానుమని కోరెను. పది మొదలు ఇరువదియొక్క దినములలోపల ఒక్కరు మిగులకుండ అందఱికిని చిగుళ్లు వాచినవి. మరల తోముకొన మొదలిడిన వారము పది దినములకు అందఱికిని నయమైనది. మందు వాడలేదు, శుభ్రతయే మందు. కావున తొలిదశలోనున్న చిగుళ్ల వాపు పూర్తిగా మరలగల జబ్బు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనదగినది. ఏలయన, రెండవదశ అట్లు మరలునది కాదు.

రెండవదశలో వాపు క్రిందికి దిగును. నారపోగులు తెగును, వానిని పట్టియున్న ఎముక కొంచెముకొంచెముగా కరగిపోవును. చిగురునకును పంటికిని నడుమనున్న సందు లోతై, సంచివలెనై, అందు చీము చేరును. నోరు దుర్వాసన కొట్టును. చిగురు దిగజారి పండ్లు పొడుగైనట్లు కనబడును. పండ్ల నడుమ ఎడములు ఏర్పడును. తుదకు పన్ను కదలును. లోగడ దీనిని పయోరియా అనెడివారు. మన ప్రాచీనులును దీనినెఱుగుదురు. సుశ్రుత సంహితలో చెప్పిన అఱువదియైదు ముఖరోగములలో పదునైదు చిగుళ్లకు సంబంధించినవే. వానిలో దంతవేష్టమను దానికి చీమునెత్తురులు కారుట, పండ్లు కదలుట లక్షణములుగా వ్రాయబడియున్నవి. కరగిన ఎముక తనంతట తాను తిరిగి పెరుగదు. వైద్యము చేసినచో జబ్బు ఆగును. పోయినది మాత్రము చాలవఱకు పోయినట్లే. ఇంతయు జరుగునప్పటికి పది పదునైదేండ్లు పట్టవచ్చును. అంతకాలమును నొప్పి యుండకపోవుటయే దీనిలోని మోసము.

అందఱికిని ఒకే వేగముతో ముదురునా యన్నచో, కాదు. 1970 మొదలు 1985 వఱకు సింహళమున, అనగా నేటి శ్రీలంకలో, తేయాకు తోటలలో పనిచేయు 480 మంది పురుషులను పైనచెప్పిన వైద్యుడే తన సహాధ్యాయులతో కూడి పరిశీలించెను. వారికి దంతవైద్యమెట్టిదో తెలియదు; పండ్లు తోముకొను అలవాటును లేదు. దాదాపు అందఱికిని పాచి, గార, చిగుళ్ల వాపు ఉన్నవి. అయినను నూటికి ఎనమండ్రకు జబ్బు మిక్కిలి వేగముగా ముదిరి, నలుబదియైదేండ్లు వచ్చునప్పటికి పండ్లన్నియు పోయిన స్థితి కలిగినది. నూటికి ఎనుబదియొక్కరికి మెల్లగా ముదిరినది. పదునొకండుగురికి వాపు దాటి ముందుకు పోనేలేదు. మా తాత ఏనాడును పండ్లు తోమక తొంబదియేండ్లు చెఱకు నమలెనని చెప్పువారు ఊరికొకరు కనబడుదురు. వారి మాట అబద్ధము కాకపోవచ్చును. ఆ తాత పదునొకండుగురిలోనివాడు. తాను ఎవరిలోనివాడో ముందుగా తెలిసికొను ఉపాయము మాత్రము ఎవరికిని లేదు.

ఇక దేహమునకు వత్తము. చిగుళ్లు బాగుగా చెడిన మనిషి నోటిలో వాచి పుండైన చోటులనన్నిటిని విప్పి పఱచినచో ఎనిమిది మొదలు ఇరువది చదరపు సెంటీమీటర్లవఱకు ఉండునని లెక్కగట్టిరి. మోకాలిపై అంత పుండు ఏండ్ల తరబడి మానకున్నచో ఊరకుందుమా? చిగుళ్లలో అది కంటికి కనబడదు గనుక ఊరకున్నాము. ఆ పుండుద్వారా, అన్నము నమలునప్పుడును పండ్లు తోముకొనునప్పుడును, సూక్ష్మజీవులు రక్తములోనికి పోవుచుండును. ఆరోగ్యవంతుని రక్తము వానిని కొలది నిమిషములలో తుదముట్టించును. కాని ఆ పోరాటము నిత్యమును సాగుచుండుటచే, వాపునకు సంబంధించిన రసాయన పదార్థములు రక్తములో ఎల్లప్పుడును కొంత హెచ్చుగా నుండును. ఇది యొక మార్గము. రెండవది ఊపిరి మార్గము. నోటిలోని కల్మషము ఉమ్మితోపాటు ఊపిరితిత్తులలోనికి జాఱుట.

వీనిలో అన్నిటికంటె గట్టిగా రుజువైనది మధుమేహముతోడి సంబంధము. మనవారు దీనిని చక్కెర వ్యాధి యనియు అందురు. భారత వైద్య పరిశోధనా మండలి జరిపించిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము మన దేశమున 10 కోట్లకు పైగా జనులకు ఈ వ్యాధి యున్నది. పట్నవాసుల జబ్బను మాట ఇంక చెల్లదు. చక్కెర అదుపులో లేనివారికి చిగుళ్ల జబ్బు ముదురు ప్రమాదము ఇతరులకంటె సుమారు మూడురెట్లు అధికము. రక్తములో చక్కెర హెచ్చినప్పుడు సన్నని రక్తనాళములు చెడును. సూక్ష్మజీవులతో పోరాడు తెల్లకణముల పని మందగించును. పుండు మానుట ఆలస్యమగును. కాలిపుండు మానకుండుటకు కారణమేదో చిగురు మానకుండుటకును అదియే కారణము.

విశేషమేమన, ఈ త్రోవ రెండువైపుల నడచుచున్నది. చిగుళ్లలో చీము నిలిచియున్నంతకాలము, పైన చెప్పిన వాపు పదార్థములు ఇన్సులిన్ పనికి అడ్డుతగులును. అప్పుడు మందు వేసికొనుచున్నను, పథ్యము చేయుచున్నను చక్కెర దిగదు. చక్కెర దిగనందున చిగురు మానదు. ఇట్లు ఒకదానినొకటి పెంచుకొనుచు పోవును. చిగుళ్లకు వైద్యము చేసినచో చక్కెర తగ్గునా యని అనేక పరీక్షలు జరిగినవి. 2013లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరీక్షయందు లాభము కానరాలేదు. కాని ముప్పదికి పైగా పరీక్షలను కూర్చి 2022లో కాక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్షయందు, మూడు నాలుగు నెలలకు హెచ్.బి.ఏ.1సి అను మూడునెలల చక్కెర లెక్క 0.43 వంతున తగ్గినట్లు తేలినది. 8.5 ఉన్నవారికి సుమారు 8.1కి దిగుట యన్నమాట. ఇది చూచుటకు చిన్నదే. అయినను రెండవ మాత్ర వేసికొన్నందున కలుగు లాభమునకు ఇంచుమించు దగ్గఱగా వచ్చును. మందు మానవచ్చునని దీని యర్థము కాదు. మందుతోపాటు నోటినిగూడ చూపించుకొనవలెనని యర్థము.

దీనినుండి మఱియొక ఉపయోగమును కలదు. నలుబది యేండ్లయినను నిండని రైతునకు దెబ్బ తగులకుండనే ముందరి పండ్లు కదలుచున్నవనుకొనుడు. చిగురుపై మాటిమాటికి చీముగడ్డ లేచుచున్నది. ఆయనకు దాహమును హెచ్చుగా నున్నది. రాత్రివేళ మూడు నాలుగు మారులు లేవవలసి వచ్చుచున్నది. అట్టివాడు పన్ను పీకించుకొని ఇంటికి పోరాదు. రక్తములో చక్కెర పరీక్షింపించుకొనవలెను. చక్కెర వ్యాధి ఉన్నట్లు తొలుత నోటివలననే బయటపడుట కలదు. ఆరోగ్య ఉపకేంద్రములందు ముప్పది యేండ్లు దాటినవారికి రక్తపు పోటును, చక్కెరను పరీక్షించుచున్నారు. నోటిలో కాన్సరు గుఱుతులేమైన నున్నవేమో గూడ చూచుచున్నారు. ఆశా కార్యకర్త నడిగినచో ఆ దినమేదో చెప్పును.

గుండెజబ్బు విషయమున ఇంత నిశ్చయముగా చెప్పుటకు వీలులేదు. గుండెపోటు వచ్చినవారి నోళ్లు తక్కినవారి నోళ్లకంటె చెడియున్నవని 1989లో ఫిన్లండు దేశపు వైద్యులు వ్రాసిరి. పిమ్మట అనేక దేశములలో అట్లే కనబడినది. రక్తనాళములలో పేరుకొను క్రొవ్వుపూతలో చిగుళ్ల సూక్ష్మజీవుల జాడలుగూడ దొరకినవి. అయినను పొగాకు, చక్కెర వ్యాధి, పేదఱికము ఈ రెండు జబ్బులకును ఉమ్మడి కారణములు. చిగుళ్లు బాగుచేసినంతమాత్రమున గుండెపోటు తప్పునని రుజువు కాలేదని 2012లో అమెరికా హృద్రోగ సంఘము ప్రకటించినది. ఇచ్చట తొందరపాటు ఎంత చేటో పూర్వానుభవమున్నది. 1910లో విలియమ్ హంటర్ అను ఆంగ్ల వైద్యుడు మాంట్రియల్ నగరమున ఉపన్యసించుచు, చెడిన నోరే అనేక రోగములకు మూలమని ఘాటుగా పలికెను. ఆ మాటలో కొంత సత్యమున్నది. కాని దానిని పట్టుకొని తరువాతి రెండు మూడు దశాబ్దులలో కీళ్లనొప్పికిని, కడుపునొప్పికిని, మతిభ్రమకును సైతము మంచి పండ్లను లెక్కలేకుండ పీకివేసిరి. రోగములు కుదురలేదు, పండ్లు మాత్రము పోయినవి. నేడును ఎవరైన పన్ను తీయించినచో గుండెజబ్బు పోవునని చెప్పినచో నమ్మరాదు.

అయితే ఒక్క తెగ గుండెరోగులకు మాత్రము నోటి శుభ్రత ప్రాణముతో సమానము. చిన్నతనమున గొంతునొప్పి, కీళ్లవాపు, జ్వరము వచ్చి తత్ఫలితముగా గుండె కవాటములు చెడినవారు మన పల్లెలలో తక్కువగా లేరు. కవాటము మార్పించుకొన్నవారును ఉన్నారు. చిగుళ్లనుండి రక్తములో పడిన సూక్ష్మజీవులు ఆ చెడిన కవాటముపై నిలిచి పెరిగినచో ప్రాణాపాయకరమగు జ్వరము కలుగును. అట్టివారు పన్ను తీయించుకొనుటకు ముందే తమ గుండెసంగతి దంతవైద్యునకు తప్పక చెప్పవలెను. ముందుగా మందు ఇయ్యవలెనా, అక్కఱలేదా యనునది ఆయన నిర్ణయించును.

గర్భిణులకు మూడవ నెలనుండి చిగుళ్లు ఎఱ్ఱబడి నెత్తురు కారుట సాధారణము. అది దేహములోని మార్పువలన హెచ్చును, మూలము పాచియే. గర్భముతో నున్నప్పుడు పంటివైద్యము తగదని పెద్దవారు వారించుట కలదు. 2006లో అమెరికాలో 800కు పైగా గర్భిణులపై జరిగిన పరీక్షలో చిగుళ్ల వైద్యమువలన తల్లికిగాని బిడ్డకుగాని హాని కలుగలేదని తేలినది. దానివలన నెలలు నిండకముందే జరుగు కాన్పులు తగ్గునని ఆశించిరి. ఆ ఆశ మాత్రము నెఱవేరలేదు. తల్లి సుఖముగా అన్నము తినగలుగుటయే చాలినంత లాభము గదా.

మంచము పట్టిన ముసలివారి సంగతి వేఱు. పక్షవాతము వచ్చి పడియున్న నాయనమ్మకు మూడుపూటల అన్నము పెట్టుదుము, బట్టలు మార్చుదుము, ఒడలు తుడుచుదుము. నోరు తుడుచువారు అరుదు. మ్రింగుశక్తి సన్నగిల్లిన వారికి రాత్రివేళ ఉమ్మినీరు ఊపిరితిత్తులలోనికి జాఱును. దానితో నోటిలోని సూక్ష్మజీవులును పోయి న్యుమోనియా కలిగించును. జపానులో 11 వృద్ధాశ్రమములందు రెండేండ్లపాటు ఒక పరీక్ష జరిపి, 2002లో ఫలితములు ప్రకటించిరి. భోజనమైన పిదప ప్రతిసారియు నోరు శుభ్రము చేయబడిన వృద్ధులలో నూటికి 11 మందికి న్యుమోనియా వచ్చినది. అట్లు చేయబడనివారిలో 19 మందికి వచ్చినది. దీనికై వారు ఉపయోగించినది పండ్లు తోము సాధనములే, ఖరీదైన మందు కాదు. పండ్లు లేని ముసలివారికిగూడ ఇది అవసరమే. వారిని దిండ్ల ఆసరాతో కూర్చుండబెట్టి, తలను ఒక ప్రక్కకు వంచి, మెత్తని తడిబట్టను వ్రేలికి చుట్టుకొని చిగుళ్లు, బుగ్గల లోపలివైపు, నాలుక తుడువవలెను. నీరు ధారగా పోయరాదు. కట్టుడు పండ్లున్నచో రాత్రి తీసి, కడిగి, మంచినీటిలో నుంచవలెను.

పొగాకు మాట చెప్పక తప్పదు. చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగువారి చిగుళ్లకు రక్తప్రసారము తగ్గును. అందుచే జబ్బు ముదిరినను నెత్తురు కనబడదు. తమ చిగుళ్లు గట్టివని వారనుకొందురు. లోపల ఎముక కరగుచునే యుండును. శ్రీకాకుళము ప్రాంతమున ఆడవారు చుట్ట నిప్పువైపు నోటిలో నుంచుకొను అడ్డపొగవలన అంగిటికి కలుగు హానినిగూర్చి 1971లోనే పదివేలమంది పల్లెవారిని పరీక్షించి వైద్యులు వ్రాసియున్నారు. జర్దా, ఖైనీ, గుట్కా అదిమి పెట్టుకొను చోట చిగురు దిగజారిపోవును. కొందఱు పొగాకుపొడితోనే పండ్లు తోముదురు. శుభ్రము చేయవలసిన చేతితోనే చెఱుపు చేసికొనుటయే యిది.

పండ్లు తోమునప్పుడు నెత్తురు వచ్చినచో కొన్నాళ్లు తోముట మానుట మన ఇండ్లలో వాడుక. చేయవలసినది దీనికి విరుద్ధము. మెత్తని కుచ్చుగల బ్రష్షుతో, చిగురును పన్నును కలియుచోట, పైపండ్లకు పైనుండి క్రిందికిని, క్రిందిపండ్లకు క్రిందనుండి పైకిని, మెల్లగా రెండు నిమిషములు తోమవలెను. మొదటి నాలుగైదు దినములు నెత్తురు వచ్చును, పిదప తగ్గును. రెండు వారములైనను తగ్గనిచో వైద్యునకు చూపవలెను. వేపపుల్ల చెడ్డది కాదు. కొనను బాగుగా నమిలి కుచ్చుగా చేసికొని వాడినచో పాచి పోవును. అయితే చాలమంది ముందరి నాలుగు పండ్లను రుద్ది, కబుర్లు చెప్పుచు పుల్ల నమలుచు కూర్చుందురు. దవడపండ్ల లోపలివైపునకు పుల్ల పోనేపోదు. ఇటుకపొడి, బొగ్గు, గరుకుగానున్న కచ్చిక పంటిపై పింగాణిని అరగదీయును. ఉదయము తోముటకంటె రాత్రి పండుకొనబోవు ముందు తోముట ముఖ్యము. నిద్రలో ఉమ్మినీరు తక్కువగా ఊరుటచే సూక్ష్మజీవులకు అదియే మంచి అదను.

గారను దంతవైద్యుడే తీయవలెను. తీయించినచో పండ్లు వదులగునను భయము మన ప్రాంతమున మిక్కిలి హెచ్చు. దానికి కారణమును లేకపోలేదు. ఎముక కరగి పండ్లు వదులైనచోట గారగడ్డయే వానిని ఒకదానికొకటి అతికి పట్టియుంచును. దానిని తీసినంతనే అంతవఱకు దాగియున్న వదులుతనము బయటపడును. వైద్యుడు చేసినది కాదది; జబ్బు అంతకుముందే చేసినది. వాపు దిగి చిగురు బిగిసిన పిదప చాల పండ్లు తిరిగి కొంత గట్టిపడును. మొదటి వారము చల్లనీరు తగిలినప్పుడు పండ్లు జివ్వుమనవచ్చును. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించుచు, తోముట మానక యున్నచో అది తగ్గిపోవును. చక్కెర వ్యాధి గలవారు ఆ దినమున అన్నము తిని, మందు వేసికొని పోవలెను. తమ పరీక్షల కాగితములు వెంట తీసికొని పోవలెను. రక్తము పలుచబఱచు మాత్రలు వాడువారు ఆ సంగతి ముందుగా చెప్పవలెను, తమంతట తాము వానిని ఆపరాదు. ఆరు నెలలకు మరల ఒకమారు చూపించుకొనవలెను. జబ్బు ముదిరినవారు వైద్యుడు చెప్పినట్లు మూడు నెలలకే పోవలసియుండును.